క్యూబెక్ నగరమున తక్కువ వ్యయముతో బస

మన ఊళ్ళలో హోటలు అనగానే ఇడ్డెనలు, కాఫీ స్ఫురించును. ఫ్రెంచి భాషలో ఆ మాటకు వేరొక చరిత్ర కలదు. కెనడా దేశమందలి క్యూబెక్ నగరమునకు పోయి, గోడలమీది పలకలను చదువుకొనుచు బస వెదకువానికి మూడు పేర్లు తప్పక కనబడును: ఓటెల్ ద వీల్, ఓటెల్ ద్యూ, ఓటెల్ ద్యు పార్లమాఁ. మొదటిది పురపాలక కార్యాలయము, రెండవది వైద్యశాల, మూడవది శాసనసభా భవనము. ఈ మూడింటిలో ఎచ్చటను ప్రయాణికునికి గది దొరకదు. ఫ్రెంచివారు పూర్వము బసయిచ్చు ఇంటినే కాక, గొప్పవారి భవనములను, ప్రజల పనులు జరుగు పెద్ద కట్టడములను గూడ ఓటెల్ అనియే పిలిచిరి. భాష తెలియనిచోట బస కుదుర్చుకొనుట ఎంత ముందుచూపుతో చేయవలసిన పనియో ఈ ఒక్క మాటయే తెలుపుచున్నది.

ఇటీవల మన కుటుంబములనుండి ఎందరో యువకులు, యువతులు చదువులకొరకును, ఉద్యోగములకొరకును కెనడాకు పోవుచున్నారు. వారిని చూడబోవు తలిదండ్రులు ఆ దేశపు తూర్పు భాగమునకు పోయినపుడు క్యూబెక్ నగరమును గూడ చూడగోరుట సహజము. అట్టివారికి ధనము అపారముగా నుండదు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాచుకొనవలెనని మన పెద్దలందురు. ఆ దుప్పటిని కొలుచుకొను విధమును ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

మొదట నగర స్వరూపమును తెలిసికొందము. 1608వ సంవత్సరమున శాంప్లేన్ అను ఫ్రెంచి నావికుడు సెయింట్ లారెన్సు నది ఒడ్డున దీనిని స్థాపించెను. నది ఇరుకైన చోటు అను అర్థముగల ఆదిమవాసుల మాటనుండి క్యూబెక్ అను పేరు వచ్చినది. 1759లో కోటవెలుపలి అబ్రహాం మైదానమున ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము జరిగెను. ఇరుపక్షముల సేనానులగు వుల్ఫ్, మోంకామ్ ఇరువురును ఆ పోరునందు తగిలిన గాయములతో మరణించిరి. 1763నాటి పారిస్ సంధితో నగరము ఆంగ్లేయుల వశమయ్యెను. ప్రభుత్వము మారినను ప్రజల భాష మారలేదు. నగర ప్రాకారము, సుమారు 4.6 కిలోమీటర్ల పొడవున, నేటికిని నిలిచియున్నది. మెక్సికోకు ఉత్తరమున ప్రాకారము ఇట్లు నిలిచిన నగరము మరియొకటి లేదు. అందుచేతనే ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ 1985లో ఈ పాతనగరమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

పాతనగరము రెండు భాగములు. కొండమీదిది ఎగువ పట్టణము; నది ఒడ్డుది దిగువ పట్టణము. ఈ రెండింటిని నిటారైన మెట్లును, 1879లో ఏర్పడిన ఒక తాళ్ళ రైలును కలుపుచున్నవి. కోటలోపల ఇండ్లు పాతవి, వీధులు ఇరుకు, కొత్త కట్టడములకు చోటు తక్కువ. కోరువారు హెచ్చు, గదులు తక్కువ అయినచోట వెల పెరుగుట న్యాయమే కదా! 1893లో తెరువబడిన షాటో ఫ్రోంటెనాక్ అను మహాభవనము కోటవలె కనబడును గాని నిజమునకు అది హోటలే. దానిని వెలుపలనుండి చూచి ఆనందించుటకు రుసుము లేదు. లోపల నిదురించుట మన లెక్కకు అందునది కాదు.

బస వెలను నిర్ణయించువానిలో ప్రథమమైనది కాలము. జూలైలో పగటివేడి సుమారు 25 డిగ్రీలు. అప్పుడు వేసవి సంగీతోత్సవము జరుగును, గదులు నిండిపోవును. సెప్టెంబరు చివరనుండి అక్టోబరు నడుమవరకు మేపుల్ చెట్ల ఆకులు ఎర్రబారును. వానిని చూడవచ్చు ఓడల ప్రయాణికులతో నగరము కిటకిటలాడును. జనవరి చివరను, ఫిబ్రవరి మొదటి భాగమునను మంచు ఉత్సవము జరుగును. 1955నుండి క్రమముగా నడచుచున్న ఈ ఉత్సవమునకు జనము విరగబడి వచ్చును. ఇక వెలలు దిగు కాలమేది? ఆకులు రాలిన పిమ్మట వచ్చు నవంబరు, ఉత్సవము ముగిసిన పిదప మార్చి, ఏప్రిలు నెలలు. కాని మార్చిలో నేల మంచుతో జారుచుండును. మన చెప్పులు అచ్చట పనికిరావు. జారని అడుగుగల ఎత్తైన బూట్లు కొనవలెను. ఆ ఖర్చును గూడ లెక్కలో వ్రాసికొన్నవాడే నిజముగా పొదుపరి. చలికిని వెలకును మధ్యేమార్గముగా మే నెల మొదటి పక్షమును మేము సూచింతుము.

రెండవది చోటు. కోట గోడలు దాటి పడమరకు పోయినచో సెంట్ జాఁ బాతీస్త్ పేట. దానికి దిగువన సెంట్ రోక్ పేట. ఇచ్చటినుండి పాతనగరమునకు నడచిపోవచ్చును. కాని సెంట్ రోక్ నుండి వచ్చుటకు కొండ ఎక్కవలెను. మోకాళ్ళ నొప్పిగల పెద్దలకు ఇది చిన్న విషయము కాదు. ఇంకను పడమరకు సెంట్ ఫ్వా ప్రాంతమున లావాల్ విశ్వవిద్యాలయము ఉన్నది. అచ్చట గదులు సాధారణముగా చవుక. పాతనగరమునకు బస్సులు పోవుచుండును. ఈ నగరమున నేలక్రింది రైలు లేదు. అందుచే దూరపు గది నిజముగా చవుకయో కాదో బాలురు ఇట్లు లెక్కవేయవచ్చును: ముగ్గురు మనుష్యులు రోజునకు ఒక మారు పోయి వచ్చినచో ఆరు బస్సు టిక్కెట్లు. గది వెలలో మిగిలిన సొమ్మునుండి ఆ ఆరింటి వెలను తీసివేయవలెను. రాత్రి ప్రొద్దుపోయి తిరిగివచ్చువారు టాక్సీ ఖర్చును గూడ తీసివేయవలెను. పిమ్మట మిగిలినదే నిజమైన పొదుపు.

మూడవది బస రకము. హోటలు గాక, ఓబెర్జ్ అనబడు చిన్న సత్రములు కలవు. జీత్ అను పేరుతో, గృహస్థులు తమ యింటిలోనే గది యిచ్చి ఉదయపు ఫలహారము పెట్టు పద్ధతి కలదు. యువజనుల వసతి గృహములలో ఒకే గదిలో పలువురు పడుకొందురు. అచ్చట గదికి కాక మంచమునకు అద్దె. వేసవి సెలవులలో లావాల్ విశ్వవిద్యాలయపు విద్యార్థుల గదులను ప్రయాణికులకు ఇచ్చుచుందురు. 1639లో ఫ్రాన్సునుండి వచ్చి వైద్యశాలను నడపిన అగస్టీనియన్ సన్యాసినుల మఠము గూడ 2015నుండి అతిథులకు బసయిచ్చుచున్నది. పాత ఇండ్లలోని చిన్న సత్రములలో లిఫ్టు లేకపోవుట కలదు. మూడవ అంతస్తునకు పెట్టెలు మోయగలమా అని ముందే ఆలోచింపవలెను.

ఇక ముఖ్యమైన లెక్కకు వత్తము. మన దుకాణములలో సరుకుమీద అచ్చువేసిన గరిష్ఠపు వెలలో పన్నులన్నియు చేరియుండును. కెనడాలో సామాన్యముగా ప్రకటించిన వెలలో పన్ను చేరదు. క్యూబెక్ నగరమున గది వెలకు మొదట నూటికి 3.5 వంతున బస పన్ను చేరును. ఆ మొత్తముమీద దేశపు పన్ను నూటికి 5, రాష్ట్రపు పన్ను నూటికి 9.975 పడును. రాత్రికి 120 డాలర్ల గదిలో నాలుగు రాత్రులుండినచో 480 డాలర్లు. బస పన్ను 16.80 చేర్చగా 496.80. దేశపు పన్ను 24.84, రాష్ట్రపు పన్ను 49.56. వెరసి 571.20 డాలర్లు. మనము అనుకొన్నదానికంటె 91.20 డాలర్లు హెచ్చు! ఈ లెక్కను ఎరుగక పోయినవాడు చివరినాడు కౌంటరువద్ద తెల్లబోవును. భోజనశాలలో వడ్డించువారికి నూటికి 15 వంతులవరకు బహుమానమిచ్చుట అచ్చటి ఆచారము. అదియు తిండి ఖర్చులో చేరవలెను. చివరి క్షణమున ప్రయాణము మానుకొన్నచో సొమ్ము తిరిగి వచ్చునా రాదా అనునది చూడక, రెండు డాలర్లు తక్కువగనున్నదని గదిని ఖాయపరచరాదు. వీసా చేతికి రాకముందు సొమ్ము తిరిగిరాని గదిని కొనుట బొత్తిగా తగదు.

చవుక అను మాటకు ఒక హద్దు ఉన్నది. 2023 మార్చి 16వ తేదీన అదే రాష్ట్రమందలి మాంట్రియల్ పాతనగరమున ఒక పురాతన భవనము అంటుకొని ఏడుగురు మరణించిరి. అందు పలు గదులను అంతర్జాలము ద్వారా ప్రయాణికులకు అద్దెకిచ్చుచుండిరి. ఆ చోట అట్టి అద్దెకు అనుమతి లేకుండెను. కిటికీ లేని గదులు గూడ అందుండెనని వార్తలు వచ్చినవి. ఆ పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము చట్టమును బిగించినది. ప్రయాణికులకు అద్దెకిచ్చు ప్రతి యింటికిని నమోదు సంఖ్య ఉండవలెను. ప్రకటనలో దానిని చూపవలెను. ఆ సంఖ్య లేని ప్రకటనను, ఎంత చవుకయైనను, విడిచిపెట్టవలసినదే. గదికి తెరచుకొను కిటికీ ఉన్నదా, రెండవ దారి ఉన్నదా అని అడుగుటకు మొగమాటపడరాదు. బసలో అడుగుపెట్టగానే సోర్తి అని వ్రాసిన పలక ఎచ్చటనున్నదో పిల్లలకు గూడ చూపవలెను. సోర్తి యనగా బయటికి దారి. పొదుపు చేయవలసినది సొమ్మును గాని, ప్రాణమును గాదు.

మరికొన్ని మాటలు తెలిసియుండుట మేలు. ఫ్రాన్సులో దేజ్యూనే అనగా మధ్యాహ్న భోజనము. క్యూబెక్‌లో అదే మాటకు ఉదయపు ఫలహారమని అర్థము. దీనే అనగా ఫ్రాన్సులో రాత్రి భోజనము, ఇచ్చట మధ్యాహ్న భోజనము. రాత్రి భోజనమునకు ఇచ్చట సూపే అందురు. కావున గది వెలలో దేజ్యూనే చేరినదని వ్రాసినచో, మధ్యాహ్నము విందు కలదని ఎదురుచూచి పస్తుండరాదు. కోంప్లే అనగా గదులు నిండినవి. సాల్ ద బేన్ పర్తజే అనగా స్నానపు గది పదిమందికి ఉమ్మడి. స్తాస్యొన్మాఁ అనగా బండి నిలుపు చోటు. పాతనగరమున దానికి వేరుగా రుసుము ఉండును.

శాకాహారులు మరింత జాగ్రత్తపడవలెను. వేయించిన బంగాళాదుంప ముక్కలమీద జున్ను వంటి ముక్కలు వేసి యిచ్చు పుతీన్ అను ప్రసిద్ధ వంటకమున పోయు పులుసు సాధారణముగా మాంసపు రసముతో చేసినది. బఠాణీల చారులో పందిమాంసము వేయుట వారి పాత అలవాటు. అందుచే వంట వసతిగల గది, వెల కొంచెము హెచ్చైనను, మనవారికి చివరకు లాభకరము. కాని ఇంటినుండి అన్నము వండు విద్యుత్పాత్రను మోసికొనిపోరాదు. మన విద్యుత్తు 230 వోల్టులు, అచ్చట 120 వోల్టులు. వేడి వోల్టుల వర్గమును అనుసరించును గనుక, మన పాత్ర అచ్చట నాలుగవ వంతు వేడికంటె కొంచెమే హెచ్చుగా ఇచ్చును. బియ్యము నానును గాని ఉడకదు. భౌతికశాస్త్రము చదివిన మన విద్యార్థులు ఈ సంగతిని తల్లులకు ముందే చెప్పవలెను.

బసలో మిగిల్చిన సొమ్మునకు తోడు, ఈ నగరమున ఊరక చూడదగినవి పెక్కు. ప్రాకారముమీద నడక, నదిమీదికి చూచు డఫ్రిన్ వేదిక, అబ్రహాం మైదానపు ఉద్యానవనము, శాంప్లేన్ మొదట ఇల్లు కట్టిన ప్లాస్ రాయాల్ చతుష్పథము, వీనికి టిక్కెట్టు లేదు. లేవీ రేవునకు పోవు పడవ కొద్ది రుసుముతో పదిపండ్రెండు నిమిషములలో నదిని దాటించును. వెనుదిరిగి చూచినచో కొండమీది నగరమంతయు ఒక్క చూపునకు అందును. దిగువన ఉన్న మోంమోరెన్సీ జలపాతము 83 మీటర్ల ఎత్తు. ప్రసిద్ధమైన నయాగరా కంటె ఎత్తైనది.

చివరగా ఒక్క సంగతి. ఈ నగరపు వీధులలో బండ్లను ఆపుటకు నిలిపిన ఎర్రపలకమీద ఫ్రెంచిమాటయగు ఆరే అని వ్రాసియుండును. ఫ్రాన్సు దేశముననే ఆ పలకమీద ఆంగ్లపు స్టాప్ అను మాట ఉండగా, ఆంగ్లభాషా సముద్రము నడుమనున్న ఈ ప్రజలు తమ మాటను పట్టుదలతో నిలుపుకొనిరి. 1977లో ఫ్రెంచి భాషా శాసనము చేసికొనిరి. ఇతర భాషల నడుమ తెలుగుబడిలో చదువుకొనుచున్న మనకు ఈ పట్టుదల అర్థము కాకపోదు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలోనుండిన యానాములో తెలుగు నిలిచినట్లే, ఆంగ్లేయుల యేలుబడి వచ్చిన క్యూబెక్‌లో ఫ్రెంచి నిలిచినది. కావున అచ్చటి సత్రపు గడపవద్ద నిలిచి మొదట బొంజూర్ అనుడు. తరువాత ఆంగ్లమున మాటలాడినను వారు మన్నింతురు. పరుల భాషను ఒక్క మాటతోనైన గౌరవించుటకు ఖర్చు లేదు. దానికి పన్నును లేదు.