ఇంటి దుమ్ము – ఉబ్బసం

పడుకోగానే తుమ్ములు, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయా? చలిగాలి వల్లనో, పెరుగు తిన్నందువల్లనో అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం మీ పరుపులోనే ఉండవచ్చు.

ఇంటి దుమ్ములో డస్ట్ మైట్లు అనే సూక్ష్మమైన పురుగులు ఉంటాయి. వీటి పొడవు సుమారు 0.3 మి.మీ. మాత్రమే. మన చర్మం నుండి రాలే పొట్టే వీటి ఆహారం. ఇవి కుట్టవు, కరవవు. కాని వీటి విసర్జన పొడిగా మారి, గాలితోపాటు లోపలికి వెళ్ళినప్పుడు, సరిపడనివారికి శ్వాసనాళాలు వాచి ముడుచుకుపోతాయి. బొద్దింకల మలం, చెమ్మగోడలకు పట్టే బూజు కూడా ఇలాగే బాధిస్తాయి.

మీరు చేయవలసినవి:

1. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి వేడినీళ్ళలో (60 డిగ్రీలు) ఉతికి ఎండలో ఆరవేయండి.

2. చీపురుతో ఊడిస్తే దుమ్ము పైకి లేస్తుంది. నేలను, ఫ్యాను రెక్కలను తడిగుడ్డతో తుడవండి. ఈ పని ఉబ్బసం ఉన్నవారికి అప్పగించకండి.

3. ఏసీ ఫిల్టరును రెండు వారాలకొకసారి కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. కూలరులో నీళ్ళు నిల్వ ఉంచకండి.

4. పడకగదిలో తివాచీలు, అగరువత్తులు, దోమల చుట్టలు వద్దు.

శుభ్రత మందుకు తోడు మాత్రమే, బదులు కాదు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరును మీ అంతట మీరు మానకండి. దానికి బానిసలవుతారన్నది అపోహ. మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఇంట్లోనే ఉంచి ప్రార్థిస్తూ కూర్చోకండి. ప్రార్థిస్తూనే రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.