మీకు తెలుసా? ఒక్క పింగ్‌కే కుప్పకూలిన కంప్యూటర్లు

ఇంటర్నెట్ ప్రోటోకాల్ నాలుగో వెర్షన్‌లో ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 65,535 బైట్లు. పెద్ద ప్యాకెట్ ముక్కలుగా ప్రయాణిస్తుంది. అందుకున్న యంత్రం వాటిని తిరిగి అతుకుతుంది. 1996లో బయటపడిన ‘పింగ్ ఆఫ్ డెత్’ అనే దాడి కిటుకంతా చివరి ముక్కలోనే ఉంది. దాని స్థానానికి పొడవు కలిపితే మొత్తం ఆ హద్దు దాటిపోతుంది. విండోస్ 95, నాటి లినక్స్, పలు యూనిక్స్ రకాలు ఈ లెక్కను సరిచూసేవి కావు. అదనపు బైట్లు పక్క మెమరీలోకి పొర్లి, యంత్రం స్తంభించేది లేదా రీబూట్ అయ్యేది. విచిత్రమేమిటంటే, దాడికి ప్రత్యేక సాధనమేదీ అక్కర్లేదు. అవతలి యంత్రం స్పందిస్తుందో లేదో చూసే పింగ్ కమాండ్, అదీ విండోస్ 95లోని మామూలుదే చాలు! ప్యాచ్‌లు త్వరగానే వచ్చాయి. అయినా విండోస్‌లో ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఆరో వెర్షన్‌కు (ఐపీవీ6) సంబంధించి ఇలాంటి లోపమే మళ్లీ కనిపించగా, మైక్రోసాఫ్ట్ 2013 ఆగస్టులో సరిదిద్దింది.