డీప్ బ్రెయిన్ స్టిమ్యులేటరు

డీప్ బ్రెయిన్ స్టిమ్యులేటరు అనునది మెదడు లోపలి భాగములకు స్వల్ప విద్యుత్ స్పందనలను పంపే వైద్య పరికరము. పార్కిన్సన్ వ్యాధి వంటి వాటిలో వణుకును, బిగుతును తగ్గించుటకు దీనిని అమరుస్తారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ నగరములో అలీమ్-లూయీ బెనబిడ్ 1987లో ఈ చికిత్సకు ఆధునిక రూపమిచ్చాడు. తెలంగాణలో ఈ శస్త్రచికిత్స చేసే ఆసుపత్రులలో హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) ఒకటి.

నిర్మాణము

ఛాతీ పైభాగమున చర్మము క్రింద టైటానియం పెట్టె ఉంటుంది. అందులో బ్యాటరీ, ఎలక్ట్రానిక్ వలయము ఉంటాయి. దాని నుండి మెడ మీదుగా తీగ మెదడులోని ఎలక్ట్రోడుకు చేరుతుంది. బహుళ ప్రచారము పొందిన నమూనాలో ఎలక్ట్రోడు వ్యాసము 1.27 మి.మీ.; చివర 1.5 మి.మీ. పొడవు గల ప్లాటినం-ఇరీడియం పట్టీలు నాలుగు ఉంటాయి.

ఉదాహరణకు 3 వోల్టుల స్పందన 60 మైక్రోసెకనుల చొప్పున సెకనుకు 130 మార్లు వెలువడుతున్నదనుకొందాము. నిరోధము 1000 ఓములైతే విద్యుత్తు 3 మిల్లీ ఆంపియర్లు, సగటు సామర్థ్యము 70 మైక్రోవాట్లు మాత్రమే. భూపాలపల్లి దగ్గరి చెల్పూరు విద్యుత్కేంద్రము సామర్థ్యము 1100 మెగావాట్లు! ఇంత కొద్ది విద్యుత్తు కూడా ఒకే దిశలో ప్రవహిస్తే మెదడుకు హాని చేస్తుంది.

ఆవేశ సమతుల్యత

తీగలో విద్యుత్తును ఎలక్ట్రాన్లు, కణజాలములో అయాన్లు మోస్తాయి. ప్రవాహము ఏకముఖముగా సాగితే ఎలక్ట్రోడు వద్ద నీరు విచ్ఛిన్నమవుతుంది, లోహము కరుగుతుంది, నాడీకణములు చనిపోతాయి. అందువలన ప్రతి స్పందన తరువాత వ్యతిరేక దిశలో అంతే ఆవేశమును వెనుకకు తీసుకొంటారు. జాన్ లిల్లీ 1955లోనే ఇట్టి జంట స్పందనల ప్రయోజనమును చూపాడు.

అయితే రెండు స్పందనలు అచ్చముగా సమానము కావు. పై ఉదాహరణలో 1 శాతము తేడా ఉన్నా దాదాపు 0.23 మైక్రో ఆంపియర్ల ఏకముఖ విద్యుత్తు రాత్రింబవళ్ళు మిగులుతుంది. దీనిని అడ్డుకొనుటకు వలయములో కెపాసిటరును శ్రేణిలో కలిపి, స్పందనల మధ్య ఎలక్ట్రోడులను పరస్పరము కలుపుతారు. ట్రాన్సిస్టరు చెడిపోయినా బ్యాటరీ విద్యుత్తు ఎడతెగక మెదడులోకి పోకుండా ఆపేది కూడా ఈ కెపాసిటరే. ఇది స్థలము ఎక్కువ ఆక్రమిస్తుంది. అయినను తొలగించుట తేలిక కాదు.

ఆవేశ సాంద్రతకు కూడా హద్దు ఉన్నది. ఈ నమూనాలో అది చదరపు సెంటీమీటరుకు 30 మైక్రోకూలంబులు. పై ఉదాహరణలో వచ్చేది సుమారు 3.

బయటి నుండి వచ్చే ప్రమాదము

మోకాళ్ళ నొప్పులకు ఫిజియోథెరపీలో ఇచ్చే షార్ట్‌వేవ్ డయాథెర్మీ వీరికి నిషిద్ధము. ఆ తరంగములను తీగ ఆంటెనా వలె గ్రహించి ఎలక్ట్రోడు కొన వద్ద వేడి పుట్టిస్తుంది. కెపాసిటరు దీనిని ఆపలేదు. ఇట్లు మెదడు తీవ్రముగా దెబ్బతిన్న రోగి వివరములు 2001లో వైద్య పత్రికలో వెలువడ్డాయి. పరికరము హైదరాబాదులో అమర్చుకొన్నా, నొప్పులకు చికిత్స జనగామలోనో, మహబూబాబాదులోనో తీసుకొనుట సహజము. కావున పరికరపు గుర్తింపు కార్డు వెంట ఉంచుకొని ఏ చికిత్సకైనా ముందే చూపవలెను.

రీఛార్జి చేయని బ్యాటరీ సాధారణముగా 3 నుండి 5 సంవత్సరములు పనిచేస్తుంది. అది అయిపోతే వణుకు తిరిగి వస్తుంది, కొందరిలో బిగుతు ప్రమాదకరముగా పెరుగుతుంది. రైలు మార్గము లేని భూపాలపల్లి వంటి చోట్ల ఉండేవారు గడువుకు ముందే బ్యాటరీని పరీక్ష చేయించుకొనుట మంచిది.