ప్రార్థించాము గాని, మాత్ర మానమనలేదు

చోడవరము దగ్గర మా సంఘములోని ఒక సహోదరికి విశాఖపట్నములో గుండె కవాటము మార్చి, లోహపు కవాటము పెట్టారు. ఆమె ఇంటికి వచ్చిన వారమే కూడుకొని స్తుతి ప్రార్థన చేశాము. "ప్రభువు నిన్ను పూర్తిగా బాగుచేశాడమ్మా" అన్నాము. ఆ మాట పట్టుకొని ఆమె, రక్తము గడ్డకట్టకుండా రోజూ వేసుకోవలసిన మాత్ర మానేసింది. కొన్ని వారాలకు కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడింది. కవాటము మీద కట్టిన గడ్డలో ఒక ముక్క మెదడుకు వెళ్లిందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట అన్నది మేమే గనుక ఇది వ్రాస్తున్నాము.

ఈ మందు పుట్టుక రైతుబిడ్డలకు బాగా అర్థమవుతుంది. 1920 తరువాత అమెరికా, కెనడాలలో, మన పిల్లిపెసర వంటి ఒక పశుగ్రాసము బూజుపట్టగా, దానిని మేసిన పశువులు చిన్న గాయానికే రక్తము కారి చచ్చిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకరు గడ్డకట్టని ఆ రక్తమును పాలక్యానులో పోసుకొని కార్ల్ లింక్ అనే శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు తెచ్చారు. ఆ పరిశోధనలోనుండి వచ్చినదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954 నుండి మనుష్యులకు ఇస్తున్నారు. ఎసిట్రోమ్ కూడా ఆ కోవలోనిదే. ఎలుకల మందా అని భయపడనక్కరలేదు, కొలతలోనే ఉన్నది అంతా. ఆ కొలత చూచేదే ఐఎన్ఆర్ రక్తపరీక్ష. అంకె తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావము. ఎంత ఉండాలో ఎవరికి వారికి డాక్టరు చెబుతారు.

ఇంట్లో చూచుకొనేవారు మాత్ర రోజూ ఒకే వేళకు ఇవ్వండి. మరచిపోతే ఆ రోజే ఇవ్వవచ్చును. మరునాడు రెండు ఇవ్వకూడదు. తోటకూర, గోంగూర మానమని కాదు. ఒక వారము బొత్తిగా మాని, మరు వారము రోజూ వండితే అంకె తప్పుతుంది. ఆకుకూరలలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఒళ్లు నొప్పులకని దుకాణములో మాత్రలు కొనవద్దు, ఊరిలో తుంటికి సూది వేయించవద్దు. పన్ను పీకించేముందు కూడా ఈ మందు సంగతి చెప్పండి. నెల తప్పిన స్త్రీ వెంటనే డాక్టరును కలవాలి. తనంతట తాను మానకూడదు. చిగుళ్లలో రక్తము, నల్లని విరేచనము, తలకు దెబ్బ తగలడము, ఇవి తెల్లవారేదాకా ఆగే సంగతులు కావు.

హిజ్కియా కొరకు దేవుడు ప్రార్థన విన్న తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద వేయించాడు. ఆ ముద్దను అవిశ్వాసమని ఎవరూ అనలేదు.

సహోదరి ఇప్పుడు నడుస్తున్నది. చెయ్యి ఇంకా పూర్తిగా లేవదు. ఐఎన్ఆర్ చీటీ బైబిలు అట్టలో పెట్టుకుంటుంది. ఆదివారము వందనము చెప్పగానే మేము అడుగకముందే తీసి చూపిస్తుంది.