విత్తనం ఎంత లోతుకు దిగాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా నుంచి కోంటా వెళ్లే దారిలో ఎర్రబోరు వస్తుంది. ఈ బస్తర్ ప్రాంతంలో వరి విత్తనాలను చేత్తో వెదజల్లడం మామూలే. కొన్ని పైనే మిగిలి పిట్టల పాలవుతాయి, కొన్ని మరీ లోతుకు పోతాయి. వరికి 2-3 సెంటీమీటర్లు చాలు. బాగా లోతైతే మొలక పైకి రాకముందే గింజలోని ఆహారం అయిపోతుంది.

తెలుగు రైతులు విత్తడానికి వాడే గొర్రులో, జడ్డిగం అనే గిన్నెలో పోసిన గింజలు గొట్టాల గుండా చాళ్లలో పడతాయి. లోతు మాత్రం తోలేవాడి చేతిలోనే ఉంటుంది.

ట్రాక్టర్‌కు తగిలించే విత్తే యంత్రంలో చాలు తీసే బిళ్ల పక్కనే చిన్న చక్రం నేల మీద దొర్లుతుంది. బిళ్ల దానికంటే ఎంత కిందికుంటే గింజ అంత లోతు. మరి గట్టి నేల వస్తే? బిళ్ల దిగదు, చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకే కొత్త యంత్రాల్లో చక్రం మీది బరువును సెన్సర్ కొలుస్తూ ఉంటుంది. తగ్గితే హైడ్రాలిక్ సిలిండర్ ఆ వరుసను కిందికి నొక్కుతుంది. ఎక్కువైతే సడలిస్తుంది, లేదంటే మెత్తటి మట్టి అణిగిపోయి వేళ్లకు దారి ఉండదు. కొన్నిటిలో ఏ వరుస సిలిండర్ దానిదే.

గట్ల మధ్య చిన్న మడుల్లో ఇంత యంత్రం తిరగడమే కష్టం. అక్కడ బోల్టు బిగించి లోతు పెట్టుకునే చిన్న యంత్రమే నయం. నాలుగడుగులు విత్తాక వేలితో మట్టి తీసి, స్కేలు పెట్టి చూసుకుంటే సరి.