తుపాకీ పేలేలోగా గీత దాటాలి!

డర్బన్ పేరు మనవాళ్లకు కొత్తేం కాదు. 1860 తర్వాత చెరకు తోటల్లో కూలికని మద్రాసు రేవులో ఓడెక్కిన తెలుగువాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ ఊరికీ, ఎగువనున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ నడుమ సాగే పరుగే ‘కామ్రేడ్స్ మారథాన్’. దూరం సుమారు 90 కిలోమీటర్లు. మామూలు మారథాన్‌కు రెట్టింపు పైనే. అదీ కొండదారుల్లో!

మొదటి ప్రపంచయుద్ధంలో అసువులు బాసిన తోటి సైనికుల జ్ఞాపకార్థం విక్ క్లాఫమ్ అనే రైలింజను డ్రైవరు 1921లో దీన్ని మొదలెట్టాడు. 34 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 16 మందే. తెల్లజాతి మగవాళ్లు తప్ప మిగతావారికి, అంటే మనవాళ్లక్కూడా, 1975 దాకా అధికారికంగా ప్రవేశం లేదు. ఇప్పుడు ఎవరైనా రావచ్చు. కొత్తవాళ్లయినా సరే, ముందు ఓ మారథాన్‌ను నిర్ణీత సమయంలో పూర్తిచేసి చూపాలి. పదిసార్లు పూర్తిచేసిన పాతకాపులకు ఆకుపచ్చ నంబరు. అది ఇక శాశ్వతంగా వాళ్లదే.

గడువు 12 గంటలు. అది ముగిసే క్షణాన ఓ పెద్దమనిషి, వచ్చేవాళ్లకు వీపు పెట్టి నిలబడి, తుపాకీ పేలుస్తాడు. ముఖాలు చూస్తే చెయ్యి ఆడదని కాబోలు! గీతకు అడుగు దూరంలో ఆగినా పతకం లేదంతే.

వాలీ హేవర్డ్ 21 ఏళ్ల కుర్రాడిగా, 1930లో తొలిసారి దిగి గెలిచాడు. ఆపై మరో నాలుగుసార్లు. 1989లో మళ్లీ వచ్చాడు... 80 ఏళ్ల వయసులో! మన ఊళ్లలో ఆ వయసుకు అరుగు దిగితేనే గొప్ప. అప్పటి గడువు 11 గంటలే. తూలుతూ, తడబడుతూ ఆయన గీత దాటేసరికి మిగిలింది రెండు నిమిషాల్లోపే.