బుల్లెటు బండిలో టాపెట్ల చప్పుడు, పుష్‌రాడ్ల మార్పు

పాలక్యానులను సంఘ కేంద్రమునకు చేర్చుటకును, విత్తనపు సంచులను పొలమునకు మోయుటకును మన రైతులలో ననేకులు నేటికిని పాత బుల్లెటు బండినే నమ్ముకొనియున్నారు. దాని కుడిప్రక్కనుండి టకటకయను చప్పుడు వినవచ్చినంతనే "టాపెట్లు, పుష్‌రాడ్లు అన్నియు మార్చవలెను" అని చెప్పువారు బజారున కొదువలేరు. ఒక పంట లాభములో కొంత యీ మాటకే పోవుచున్నది. కావున మార్పు నిజముగా నవసరమో కాదో తెలిసికొను విధమును ముందుగా వ్రాయుచున్నాను.

1955లో మద్రాసున తయారీ ప్రారంభమైన యీ 350 బుల్లెటు సిలిండరు ఇనుముతో పోతపోసినది. లోపల క్యాము తిరుగుచు టాపెట్టును పైకి నెట్టును. టాపెట్టు పుష్‌రాడ్డును, పుష్‌రాడ్డు రాకరును నెట్టును. రాకరు ఏతపు మ్రానువంటిది. ఒక కొన లేచినప్పుడు రెండవ కొన దిగి వాల్వును తెరచును. పెట్రోలుగాలి వచ్చుటకొకటి, పొగ పోవుటకొకటి, ఇట్టి వరుసలు రెండు గలవు.

పరీక్ష ప్రాతఃకాలమున, ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడే చేయవలెను. బండిని నడిమి స్టాండుపై నిలిపి, ప్లగ్గు తీసి, నాలుగవ గేరు వేసి, వెనుక చక్రమును చేతితో ముందునకు త్రిప్పవలెను. సిలిండరు కుడిప్రక్కనున్న చిన్నమూతను విప్పినచో పుష్‌రాడ్ల క్రిందికొనలు కనబడును. గాలి తీసికొను వాల్వుకు చెందిన రాడ్డు లేచి దిగిన పిమ్మట పిస్టను పైకొసకు వచ్చినచోట ఆపవలెను. అప్పుడు రెండు వాల్వులును మూసికొనియుండును. ప్రతి రాడ్డును వ్రేళ్లతో త్రిప్పిన తేలికగా తిరుగవలెను, క్రిందికి మీదికి మాత్రము ఆడరాదు. ఆడినచో అడుగుననున్న బిగింపు నట్టును వదలుచేసి మరను సరిచేయవలెను. చాలవరకు చప్పుడు ఇంతటితోనే తీరును, పైసా ఖర్చులేదు.

చప్పుడు బొత్తిగా వినబడకుండవలెనని మితిమీరి బిగించుట చప్పుడుకంటె ప్రమాదకరము. నాకు తెలిసిన యొక రైతు బండిని అట్లే "నిశ్శబ్దము" చేసియిచ్చిరి. అతడు సంతోషించెను. వాల్వు పూర్తిగా కూర్చుండనిచో తన వేడిని పీఠమునకు దింపుకొనజాలదు. పొగవాల్వు కొలదికాలములోనే కాలిపోయి, ధాన్యము తరలించు రోజులలో బండి మూలబడెను. కొంచెము టకటకలాడు బండియే నాకిష్టము.

సరిచేసినను చప్పుడు పోనిచో రాడ్లను తీసి చూడవలసినదే. పెట్రోలు టాంకును, రాకర్ల మూతలను తీసి, రాకర్లను బేరింగులతోకూడ విప్పిన రాడ్లు పైకి వచ్చును. ఏ బేరింగు పైముక్క దాని క్రిందిముక్కతోనే యుండవలెను, కలిపివేయరాదు. రాడ్లకును గుర్తులు పెట్టవలెను. రాడ్డును అద్దముపై దొర్లించిన వంకర తెలియును. వంగినను, కొన అరిగినను, కొన గొట్టములో వదులైనను మార్చవలెను. లేనిచో పాతదే మేలు. క్రొత్తదాని రెండు కొనలకును నూనె రాచి, పైకొన రాకరులో సరిగా కూర్చున్నదని కంటితో చూచిన తరువాతనే నట్లను కొంచెము కొంచెముగా బిగింపవలెను. ప్రక్కకు జారియున్నచో మొదటి తన్నుకే వంగును. అందుచే కిక్కు కొట్టకముందు ఇంజనును చేతితో నాలుగుమార్లు త్రిప్పి చూడుడు.

టాపెట్ల మార్పు ఇంటివద్ద చేయదగిన పనికాదు. టాపెట్టు పాదము వెడల్పైనది. దాని గైడు క్రాంకుపెట్టెలో గట్టిగా దిగియుండును. మిస్త్రీకి ఒప్పగించినను పాత పాదమును, క్యామును కన్నులార చూపుమని అడుగుడు. క్యాముపై గుంటలుండగా టాపెట్టు మాత్రమే క్రొత్తది వేసినచో అదియు త్వరలో చెడును. రాలిన ఇనుపపొడి నూనెలో కలిసియుండును గనుక నూనెయు, ఫిల్టరును మార్చవలెను.

ఈ కొలతలు ఇనుప సిలిండరు బండికే. దాని తరువాత వచ్చిన యు.సి.ఇ. ఇంజనులలో టాపెట్లు నూనె యొత్తిడిచే తమంతట సర్దుకొనును. 2020 నుండి వచ్చిన జె-వరుస ఇంజనులలో పుష్‌రాడ్లే లేవు.